నైరుతి మూల వేపచెట్టు

మొన్న ఆదివారం నాచారంలో మా అక్క ఇంటికి వెళితే, ఇల్లు కూలగొట్టి కొత్తగా కట్టిద్దామనుకుంటున్నామంటూ మేనకోడలు ప్లాను తెచ్చి నా ముందు పరిచింది. ఉప్పల్‌లో ముప్పై ఏళ్లు ఇళ్ల ప్లాన్లు గీసి బతికినవాణ్ణి కదా, తప్పులు వెతుకుదామని కళ్లజోడు తుడుచుకున్నాను. పడమటి గోడకు పాకే తీగలు, కిటికీల మీద వెడల్పాటి సజ్జలు, నైరుతి మూలన కొంత జాగా వదిలి అందులో ఒక ఆకుపచ్చ సున్నా. చెట్టన్నమాట.

సరిగ్గా ఆ మూలనే మా బావ వేపచెట్టు ఉండేది. నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో నాచారంలో సగం మంది మగవాళ్లు పగలు నిద్రపోయేవాళ్లే, ఫ్యాక్టరీల్లో రాత్రి డ్యూటీలు మరి. బావ పొద్దున్నే వచ్చి, మిగిలిన అన్నంలో ఇంత మజ్జిగ పోసుకుని తిని, రేకుల ఇంటి వెనక ఆ వేప కింద నులకమంచం వాల్చాడంటే, పక్కింట్లో పెళ్లి డప్పులు మోగినా సాయంత్రం దాకా కదిలేవాడు కాదు.

స్లాబు ఇల్లు వేద్దామనుకున్నప్పుడు ప్లాను నేనే గీశాను. అడుగు జాగా కూడా వృథా పోనివ్వడని నాకు పేరు, దానికి తోడు వయసు పొగరు. యజమాని పడకగది నైరుతిలోనే ఉండాలి, ముందువైపు ఒక అద్దె గది రావాలి. ఇంకేముంది, చెట్టు కొట్టించి పడకగదిని ప్రహరీ దాకా జరిపాను. అక్క ఒక్కతే అడ్డం పడింది.

"రాత్రి డ్యూటీ మనిషి, తమ్మీ. చెట్టు కొట్టేస్తే పగటిపూట యాడ పండుకుంటడు?"

ఫ్యాను ఉంది కదా అని నవ్వేశాను. ఇల్లంతా టేపుతో కొలిచినవాణ్ణి, ఆ ఇంటి మనిషి ఏ వేళ పడుకుంటాడో మాత్రం ఆలోచించలేదు.

ఆ ఎండాకాలం మధ్యాహ్నమయ్యేసరికి పడమటి గోడ పెనంలా కాలేది. అక్క కిటికీకి తడి గోనెపట్టాలు కట్టేది, బావ మంచం దిగి బండల మీద దొర్లేవాడు, కంటికి కునుకు మాత్రం ఉండేది కాదు. ఆ కునుకు కాస్తా డ్యూటీలో, మిషను ముందు పట్టింది. కుడిచేతి రెండు వేళ్లు పోయాయి. దవాఖానాలో నన్ను చూసి ఒక్క మాట అనలేదు మహానుభావుడు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

బావ పోయి నాలుగేళ్లయింది. అక్క ప్లాను మీదికి వంగి, ఆ ఆకుపచ్చ సున్నా మీద వేలు పెట్టింది.

"మీ బావ గీడనే మంచం ఏసుకుంటుండె గదా, తమ్మీ."

తప్పులేమైనా ఉన్నాయా అని మేనకోడలు అడిగింది. లేవన్నాను. మా రోజుల్లో నీడ ఊరికే దొరికేది కనుక దాన్ని కాగితం మీద గీయాలని మాకెవరికీ తోచలేదు. ఇప్పటి పిల్లలు ముందు నీడ గీసుకుని, తర్వాత గోడలు గీస్తున్నారు. ఆ బుద్ధి నాకు అప్పుడే ఉండి ఉంటే, పోయేనాటికి మా బావ చేతికి ఐదు వేళ్లూ ఉండేవి.