అత్త నోట రాని మాట

నంద్యాలలో నాకు జిరాక్స్ అంగడి ఉంది. ఆ ఒక్క కారణానికే మా బంధువులందరూ నన్ను కంప్యూటర్లు చదివిన మనిషి కింద జమకట్టారు. మిషన్‌లో కాగితం ఇరుక్కుంటే పక్కన ఒకటి చరిచి బయటికి లాగడం తప్ప నాకు వచ్చిన విద్య ఇంకేమీ లేదు. ఆ సంగతి చెబితే వినయం అనుకుంటారు. అనుకుంటే నాకూ బాగానే ఉంటుంది కాబట్టి మరీ గట్టిగా కాదనను.

ఆళ్లగడ్డలో మా మేనత్త భర్త, అంటే మా మామ, విగ్రహాలు చెక్కుతాడు. పనంతా ఇంటి ముందరి రేకుల పందిరి కిందే. ఇల్లు కూడా తన ఇష్టప్రకారమే కట్టుకున్నాడు. గోడలు రాయి, పైన కప్పు రాతిబండలు, గూళ్ళు కూడా రాయే. ఎండాకాలం చల్లగా ఉంటుంది గానీ లోపలికి ఫోన్ సిగ్నల్ రాదు. ఫోన్ మోగితే మామ వీధిలోకి పరుగెత్తేవాడు. వీధిలో రాయి కోసే మిషన్ల మోతకు ఏమీ వినపడక మళ్ళీ ఇంట్లోకి పరుగెత్తేవాడు. గడప దాటగానే ఫోన్ ఆగిపోయేది. విగ్రహం ఎంతవరకు వచ్చిందో వీడియోలో చూపించమని అడిగేవాళ్ళు ఎక్కువయ్యేసరికి ఇంటికి వైఫై పెట్టించాలని నిర్ణయించి, నాకు కబురు పెట్టారు.

నేను వెళ్ళేసరికి కేబులాయన తీగ లాగి, పెట్టె బిగించి, పచ్చదీపం వెలిగించి, చెప్పులు వేసుకుంటున్నాడు. పేరు, పాస్‌వర్డ్ కంప్యూటర్‌లో పెట్టుకోండి అన్నాడు. కంప్యూటర్ లేదన్నాను. అయితే సెల్లులోనే చేసుకోండి, ఐదు నిమిషాల పని అని వెళ్ళిపోయాడు. ఆ ఐదు నిమిషాలు ఉదయం పదింటికి మొదలై మధ్యాహ్నం అన్నాల దాకా సాగాయి.

ముందు పెట్టె ఎక్కడుండాలనే దగ్గర పేచీ వచ్చింది. కేబులాయన నడవలో బిగించి పోయాడు. కరెంటుతో నడిచేది కాబట్టి అది అగ్ని కిందికే వస్తుందని, ఆగ్నేయంలో ఉండాలని మామ అన్నాడు. ఆగ్నేయంలో వంటిల్లుంది. పెట్టెను ఊడదీసి ఊరగాయ జాడీల పక్కన గూట్లో పెట్టాం. అత్త దానికి కుంకుమ బొట్టు పెట్టింది.

తర్వాత పెట్టె అడుగున అంటించిన చీటీ. దాని మీదున్న అక్షరాలు చూసి ఫోన్‌లో కొట్టాలి. అవి చీమ తలకాయంత ఉన్నాయి. ఒకచోట గుండ్రంగా ఒకటి ఉంది, సున్నానో ఇంగ్లీషు ఓనో తెలియలేదు. మామ కళ్ళద్దాలు పెట్టుకుని ఆ చీటీని విగ్రహం ముఖం చూసినట్టు చాలాసేపు చూశాడు.

“సున్నా కాదప్పా. ఓ కూడా కాదు. పైన సన్నం, కింద లావు. దీన్ని గీసినోనికి ఇంగా చేయి తిరగలే” అన్నాడు.

సున్నా కొట్టాను, కుదరలేదు. ఓ కొట్టాను, కుదిరింది. నేను గెలిచినట్టు చూశాను. గీసినవాడిదే తప్పని మామ చివరిదాకా అంటూనే ఉన్నాడు.

ఆ తర్వాత నా ఫోన్ మొరాయించింది. పెట్టెకు కలిపిన ప్రతిసారీ దీంట్లో ఇంటర్నెట్ లేదని చెప్పి, తనంతట తాను వదిలేసి, ఇంట్లో దొరకని సిగ్నల్ కోసం వెతకడం మొదలుపెట్టేది. వంట కాలేదని తెలిసి పక్కింటికి భోజనానికి పోయే చుట్టం లాగా ఉంది దాని వరస. చివరికి మొబైల్ డేటా ఆపేస్తే దిక్కులేక నిలబడింది. పేజీ తెరుచుకుంది. నెట్‌వర్క్‌కు పేరు పెట్టమని అడిగింది.

పేరు అనగానే మామ గోడ మీది క్యాలెండర్ దగ్గరికి పోయాడు. ఆరోజు శుక్రవారం. పన్నెండింటి దాకా రాహుకాలం. “పేరు పెట్టేది రాహుకాలంలోనా? కూచో” అన్నాడు. కూచున్నాం. అత్త మజ్జిగ ఇచ్చింది. రాహుకాలం పోయేసరికి ఆ పేజీ కూడా పోయింది, మళ్ళీ చీటీ, మళ్ళీ ఓ, మళ్ళీ మొదటి నుంచి. నాకు ఒళ్ళు మండింది గానీ పెద్దవాళ్ళ ముందు ఫోన్‌ను తిట్టి ఊరుకున్నాను. మొత్తానికి పేరు పెట్టాం, ఇంటిపేరు వెనక ఒకటి రెండు మూడు చేర్చి పాస్‌వర్డూ పెట్టాం. పక్కనే నిలబడి మామ నా వేలు ఎక్కడెక్కడ నొక్కుతోందో అంతా చూశాడు. ఆ చూడడమే తర్వాత నా కొంప ముంచింది.

అత్తకు అడిగినవాళ్ళకు లేదనడం రాదు. మజ్జిగ అడిగితే మజ్జిగ ఇస్తుంది, పాస్‌వర్డ్ అడిగితే పాస్‌వర్డ్ ఇస్తుంది. నెల తిరక్కుండానే రాయి దింపడానికి వచ్చిన లారీవాళ్ళు, పాలాయన, గ్యాస్ బండాయన అందరూ ఆ ఇంటి నెట్‌లో ఉన్నారు. ఒకరోజు మామ సగం చెక్కిన నంది మీద ముగ్గురు ఆనుకుని సినిమా చూస్తున్నారట. ఆ కోపంలో తనే ఫోన్ తీసుకుని, నేను చేసినట్టే చేసి, పాస్‌వర్డ్ మార్చేశాడు. వీధిలోకి వచ్చి నాకు ఫోన్ చేశాడు.

“ఇప్పుడు మీయత్త నోట రాని మాట పెట్టినానప్పా. ఇంగ ఎవురికి చెప్తాదో చెప్పనీ” అన్నాడు.

నోరు తిరగని ఇంగ్లీషు మాట ఏదో పెట్టాడనుకుని నవ్వి ఊరుకున్నాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. విగ్రహానికి కళ్ళు ఇంట్లో తెరవరు. ముక్కు, పెదవులు, చెవుల కమ్మలు అన్నీ పందిరి కిందే అయిపోతాయి. కంటిపాప మాత్రం గుడిలో, ముహూర్తానికి, తెర వెనక శిల్పే చెక్కాలి. మా అత్త పెళ్ళై వచ్చినప్పటి నుంచి ఆ పందిరి కింద వందల ముఖాలు తయారైపోవడం చూసింది. ఒక్కటీ కళ్ళు తెరిచి ఆమెను చూడలేదు. గుడికి పోదామనుకున్నప్పుడల్లా ఇంట్లో కూలీల వంటో, ఎవరి కాన్పో అడ్డం వచ్చేది.

ఆ ఏడు సంజామల దగ్గరి ఒక ఊరికి అమ్మవారిని చెక్కుతున్నాడు మామ. చేతులు వణుకుతున్నాయి, ఇక పెద్ద విగ్రహాలు ఒప్పుకోనని చెప్పేశాడు. చెక్కేటప్పుడు దుమ్ము లేవకుండా ఆ రాయికి నీళ్ళు పోసింది అత్తే. నీళ్ళు పోస్తూ దానితో కష్టం సుఖం మాట్లాడేది. ఈసారి తప్పకుండా పోతానని కొత్త చీర కూడా తీసి పెట్టుకుంది. ప్రతిష్ఠకు వారం ముందు రాతిపొడి మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. తొడ దాకా పిండికట్టు, మంచం దిగకూడదన్నారు. చూడ్డానికి వెళ్తే కాలి సంగతి ఒక్క మాట కూడా చెప్పలేదు. “ఈయమ్మ కండ్లన్నా సూస్తాననుకుంటిరా” అంది. నాకు చాలా బాధనిపించింది. వీడియోలో చూపిస్తానని మాటిచ్చాను.

గుడి కమిటీ పెద్దాయన ఒకరు తన ఫోన్ పట్టుకుంటానని ఒప్పుకున్నాడు. కాకపోతే అమ్మవారి మొదటి చూపు అద్దం మీద, తర్వాత ఆవుదూడ మీద పడాలి. ఫోన్ మీద పడితే పగులుతుందేమోనని, అది కొత్త ఫోనని, పక్క నుంచి పట్టుకుంటానని అన్నాడు. పదీ పదికి ముహూర్తం.

ఆ పొద్దున నేను నంద్యాల నుంచి మొదటి బస్సు పట్టుకుని, అత్తకు ఒక స్మార్ట్‌ఫోన్ తీసుకుని వచ్చాను. ఆమెది అప్పటిదాకా మీటల ఫోనే. తొమ్మిదిన్నరకు ఆమె కొత్త చీర కట్టుకుని, మంచం మీద దిండ్లకు ఆనుకుని కూచుని ఉంది. ఫోన్‌లో ఇంటి నెట్‌వర్క్ కనిపించింది. పాస్‌వర్డ్ అడిగింది. మామ దాన్ని మార్చిన సంగతి అప్పుడు నాకు గుర్తొచ్చింది.

మామను అడిగి చెప్పమని పెద్దాయనకు ఫోన్ చేయడానికి వీధిలోకి పరుగెత్తాను.

“ఆయప్ప తెల్లారినప్పట్నుంచి మౌనంలో ఉండాడు సామీ. ఇప్పుడు తెర ఏసినారు. లోపలికి మేమెవురూ పోకూడదు” అన్నాడు ఆయన.

కేబులాయన ఆత్మకూరులో పెళ్ళిలో ఉన్నాడు. పెట్టె వెనక చిన్న రంధ్రంలో పుల్ల పెట్టి నొక్కితే పాస్‌వర్డ్ పోతుంది గానీ, తను పెట్టినవన్నీ కూడా పోతాయని, రేపొచ్చి మళ్ళీ పెడతానని చెప్పాడు. వీధిలో సిగ్నల్ మాటలకే గానీ వీడియోకు చాలదు, చాలినా మంచాన్ని వీధిలోకి మోయలేను. లోపలికి వచ్చాను.

“అత్తా, మామ ఏం మాట పెట్టినాడో నీకు తెలుసా?”

“తెలుసు.”

“చెప్పు మరి.”

“నేనెట్ల చెప్తారా. ఆయప్ప పేరే అది.”

అప్పటికి గాని నాకు మామ తెలివి అర్థం కాలేదు. మా అత్త మొగుడి పేరు నోటితో అనదు. అంటే ఆయన ఆయుష్షు తగ్గుతుందని ఆమె నమ్మకం. రేషన్ కార్డు వాళ్ళు వచ్చి అడిగితే పక్కింటామెను పిలిచి చెప్పిస్తుంది. ఇంతకంటే గట్టి తాళం నంద్యాల జిల్లా మొత్తం మీద ఎవడూ వేసి ఉండడు.

నాకు మామ పేరు తెలుసు కాబట్టి ధైర్యంగా కొట్టాను. తప్పన్నది. ఇంకో రకంగా కొట్టాను. తప్పే.

“ఆ పేరు కాదు. వాళ్ళమ్మ పిల్చే పేరు. రెండు మార్లు పెట్టినానన్యాడు” అంది అత్త.

మామకు ముందు పుట్టిన ముగ్గురూ దక్కలేదట. అందుకని నాలుగోవాడికి, యముడు కూడా ముట్టుకోకూడదని, ఎందుకూ పనికిరాని వస్తువు పేరు పెట్టి పిలిచేవారట. అసలు పేరు బడికి, ఆ పేరు ఇంటికి. వాళ్ళమ్మ పోయాక ఆ పేరుతో పిలిచేవాళ్ళెవరూ లేరు.

“రాసి చూపించు” అన్నాను.

“రాసినా చెప్పినట్లే.”

“నేను ఒక్కోటే అంటా. కాకుంటే తల అడ్డంగా తిప్పు.”

తొమ్మిదీ యాభై. పనికిరాని వస్తువులన్నీ మనసులోకి తెచ్చుకున్నాను. పెంట అన్నాను. తల అడ్డంగా తిప్పింది. కుప్ప అన్నాను. పుల్ల, తవుడు, చీపురు, చేట, పాతగుడ్డ, పగిలిన కుండ. వయసులో పెద్దవాడు, మేనత్త మొగుడు, ఇంట్లో లేని మనిషి, ఆయన్ని పట్టుకుని వరసగా అన్నీ అన్నాను. పాలు పోయడానికి వచ్చిన పాలాయన గుమ్మంలో నిలబడి విని, గిన్నె అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు.

“చాల్రా. ఫోన్ ఉండాది, తీగ ఉండాది, పెట్టె ఉండాది. అన్నీ ఉన్నా అల్లుని నోట్లో శని అంటే ఇదే” అంది అత్త.

“నా నోట్లో కాదత్తా, నీ నోట్లోనే ఉండాది.”

అలా అనాల్సింది కాదు. ఆమె మొహం తిప్పుకుంది. పిండికట్టు మీద కొత్త చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ కూచుంది. పదీ ఐదు అయింది. నాకు సిగ్గేసింది. పోనీలే అత్తా, పెద్దాయన ఫోటోలు తీసి పంపిస్తాడు అన్నాను.

“ఫోటోలో కండ్లు నన్ను సూస్తాయా?” అంది.

 అంతలో ఆమే మళ్ళీ అంది.

“ఒరే, నేను పిలవను. మాయత్త ఎట్ల పిలుస్తుండెనో అట్ల పిలుస్తా. నోరు నాదైనా పిలిచేది ఆయమ్మ. దానికి దోషం లేదుగదా?”

లేదన్నాను. దోషాల గురించి నాకేం తెలుసు, జిరాక్స్ అంగడి వాణ్ణి. అయినా లేదని గట్టిగా చెప్పాను.

అత్త పైటకొంగు తల మీదికి లాక్కుంది. కళ్ళు మూసుకుంది. పందిరి వైపు తిరిగి, ఎన్నడూ నేను వినని ముసలి గొంతు ఒకటి తెచ్చుకుని, ఆ పేరు రెండుసార్లు పిలిచింది. “అన్నం సల్లారిపోతాంది, బిరీన రా నాయనా” అని చేర్చింది.  ఆ పేరు ఇక్కడ రాయను. పాస్‌వర్డ్ ఇప్పటికీ అదే.

మామ ఇంగ్లీషు పలికినట్టే రాస్తాడు కాబట్టి నేనూ విన్నట్టే కొట్టాను. కలిసింది.

పెద్దాయన వీడియో పెట్టాడు. ముందు గుడి కప్పు, తర్వాత ఎవరిదో బట్టతల, తర్వాత చాలాసేపు ఆవుదూడ తోక. అత్త ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని తోకనే చూసింది. తెర తీశారు. మేళం మోగింది. పెద్దాయన అద్దం వైపు తిప్పాడు. అద్దంలో అమ్మవారు కళ్ళు తెరిచి ఉంది. సూటిగా అత్త మంచం వైపే చూస్తున్నట్టు అనిపించింది.

“ఓయమ్మా, ఇట్లుంటావా నువ్వు” అంది అత్త. ఇన్నాళ్ళూ తనతో మాట్లాడిన మనిషిని పలకరించినట్టే అంది.

మౌనం అయిపోయింది. మామ పెద్దాయన ఫోన్ తీసుకున్నాడు. “కనపడిందా?” అన్నాడు. ఆమె తల ఊపింది. అప్పుడాయనకు తట్టింది.

“లోపలికెట్ల వస్తిరి? ఎవురు చెప్పిరి ఆ మాట?”

“నేను చెప్పలే. మీయమ్మ పిలిచె” అంది అత్త.

మామ నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే నెట్ ఆగింది. నోరు తెరిచి, కళ్ళు మూతపడి, మామ ముఖం అలాగే నిలిచిపోయింది. పక్కనున్న రాతి గోడకూ ఆ ముఖానికీ తేడా లేదు.

“ఏమైందిరా? కదలడేమి?” అంది అత్త.

“నెట్ ఆగింది, అంతే.”

“కండ్లు మూసుకున్యాడు సూడు.”

“నెట్టే అత్తా. ఇప్పుడొస్తాది.”

ఆమె వినలేదు.  చెప్పకూడని మాట చెప్పానని, దానికే ఇలా అయిందని ఆమె అనుకుంటోందని నాకు తెలుస్తూనే ఉంది. నేను వంటింట్లోకి పరుగెత్తి ఊరగాయ జాడీలు పక్కకు జరిపి పెట్టెను అటూ ఇటూ తిప్పాను. పచ్చదీపం వెలుగుతూనే ఉంది. ఏం చేయాలో తెలియక దాన్ని పక్కన ఒకటి చరిచాను.

వెనక నుంచి అత్త మళ్ళీ ఆ పేరు పిలవడం వినిపించింది. ఈసారి ముసలి గొంతు కాదు. మా అత్త గొంతే.

“ఆఁ” అన్నాడు మామ.