కప్పు అడుగున మూడు చుక్కలు

ఆఫీస్ పని మీద ప్లేనో నుంచి బెంటన్‌విల్ వెళ్ళినప్పుడు, ఓ సాయంత్రం పాత సామాన్ల షాపులోకి అడుగుపెట్టాను. ఎనభై దాటిన ఒకావిడ అక్కడ పింగాణీ కప్పులను ఒక్కొక్కటే బోర్లించి అడుగు చూస్తోంది.

"మా ఊరివాళ్ళకి ఇదో అలవాటు, డక్" అంది నన్ను చూసి.

బాతు అన్నందుకు తెల్లబోయాను. ఆవిడ నవ్వేసింది. ఇంగ్లండ్‌లోని స్టోక్ ఆవిడ పుట్టిన ఊరు. అక్కడ ప్రేమగా అందరినీ అలాగే పిలుస్తారట. ఊరంతా పింగాణీ కాల్చే బట్టీలే. ఆ పొగకి ఆరేసిన బట్టలు నల్లబడేవట. వాళ్ళమ్మ ఒక ఫ్యాక్టరీలో కప్పుల మీద పువ్వులు వేసేది. ఎవరు వేసిందీ తెలియడానికి ఒక్కొక్కరూ అడుగున ఒక గుర్తు పెట్టేవారు. అమ్మ గుర్తు మూడు ఆకుపచ్చ చుక్కలు.

"మంచివన్నీ ఓడలెక్కి అమెరికా వచ్చేశాయి. అమ్మ వేసిన కప్పు మా ఇంట్లో ఒక్కటీ లేదు" అంది.

ఆవిడకి చూపు సరిగా ఆనడం లేదు. నేనూ పక్కన కూర్చుని వెతకసాగాను. చాలాసేపటికి, కింది అరలో ఒకటి కనిపించింది.

"మూడు చుక్కలున్నాయండీ! ఆకుపచ్చవే!"

ఆవిడ కప్పు అందుకుని, దాని మీది గులాబీని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఈ రేకు కాస్త వంకరపోయింది చూశావా?" అంది మెల్లగా. "నేను స్కూల్ నుంచి వచ్చే టైమ్ అయ్యుంటుంది. ఇంటికి రావాలని తొందరపడింది."