నాయన గొంగడి, నా వాషింగ్ మిషన్

మా నాయనకు మూడు రాజధానులున్నాయి. వానకాలం మిర్యాలగూడలో మా తమ్ముడి దగ్గర, ఎండకాలం కోదాడలో అక్క దగ్గర, చలికాలం సూర్యాపేటలో నా దగ్గర. ఈ పంపకం పెద్దమనుషులు కూర్చుని చేసింది కాదు, ఆయన చేసుకున్నదే. తమ్ముడి ఇంటి ముందు రేకుల వసారా ఉంది, దాని కింద కూర్చుంటే వాన చప్పుడు బాగా వినపడుతుంది. అక్క ఇంట్లో ఏసీ ఉంది. మా ఇంటి మిద్దె మీద పొద్దున ఏడింటి నుంచి పదకొండింటి దాకా ఎవరి గోడా అడ్డం రాని ఎండ ఉంది. ఎనభై నాలుగేళ్ల మనిషి. యాభై ఏళ్లు గొర్రెలను మేత ఉన్న చోటికల్లా తోలినవాడు, ఇప్పుడు తనను తానే తోలుకుంటున్నాడు.

దీపావళి మరునాడు తమ్ముడు కారులో తెచ్చి దింపుతాడు. అప్పటి నుంచి శివరాత్రి దాకా మా ఇల్లు ఇల్లు కాదు, సూర్యుడి కింద పనిచేసే ప్రభుత్వ కార్యాలయం. పొద్దున్నే నేను మిద్దె ఎక్కి ఎండ వచ్చిందో లేదో చూసి కిందికి కబురు చెప్పాలి. తర్వాత కుర్చీ ఎక్కాలి, తర్వాత నాయన ఎక్కాలి. మెట్లు పద్దెనిమిది. మేమిద్దరం అవి ఎక్కేలోపు హిమాలయాల మీదికి రెండు బృందాలు వెళ్లి, ఫొటోలు దిగి, తిరిగొస్తాయి. ప్రతి మూడో మెట్టు దగ్గర ఆయన ఆగి, "జర ఆగుదాం కొడకా, నీకు దమ్మొస్తున్నది" అంటాడు. దమ్ము వచ్చేది ఆయనకే అని నేను లోకానికి చెప్పుకుంటాను గానీ, యాభై రెండేళ్ల నా పొట్టను అడిగితే వేరే మాట చెబుతుంది.

పైకి చేరాక కొబ్బరినూనె సీసాను ఎండలో పెడతాం. అందులో నూనె కరిగేదాకా ఆయన మోకాళ్లూ కరగవు. కరిగాక నేను నూనె రాస్తుంటే, నా భార్య జొన్నరొట్టెను వేడిపాలలో నానబెట్టి తెస్తుంది. ఆ గిన్నెలో ఎక్కడో బీపీ మాత్ర దాగి ఉంటుంది. ఆయన రొట్టె మొత్తం తిని, గిన్నె నాకి, చివరికి మాత్రను నాలుక చివరన పెట్టి చూపిస్తాడు.

"మేకకు మందు పెట్టినట్టు పెడ్తున్నవ్ బిడ్డా. నేను వెయ్యి మేకలకు పెట్టినోన్ని."

"మేకలు మింగినయా మామా?"

"మింగినయి."

"మరి నువ్వు?"

అప్పుడు నవ్వి మింగుతాడు. ఈ నాటకం రోజూ ఆడుతుంది. మూడేళ్లుగా హౌస్‌ఫుల్, ప్రేక్షకుణ్ని నేనొక్కణ్నే.

ఇక గొంగడి. ఏ కాలమైనా, ఏ ఊరైనా నాయన వెంట తప్పకుండా వచ్చే సామాను అదొక్కటే. నల్లగొర్రెల బొచ్చుతో నేసి, చింతగింజల గంజి పట్టించిన గొంగడి. ఆ గంజి పడితే బొచ్చు బిగుస్తుంది. వాన జారిపోతుంది, గాలి లోపలికి దూరదు. అందుకే అది దుప్పటిలా మడత పడదు, విప్పిన తలుపులా మూలకు నిలబడుతుంది. మంద అమ్మేసిన ఏడాది, ఆఖరుసారి కత్తిరించిన బొచ్చుతో ఆయన దాన్ని నేయించుకున్నాడు. ఇరవై ఏళ్లుగా దానికి ఎండ తెలుసు, కట్టె దెబ్బ తెలుసు, సబ్బు తెలియదు. వాసన సంగతి చెప్పాలంటే, ఆ మందలో ఒక్క గొర్రె కూడా అమ్ముడుపోలేదనీ, నూటయాభైకి నూటయాభై అందులోనే కాపురం ఉంటున్నాయనీ నా అనుమానం. ముసురు పట్టిన రోజు పొట్టేళ్లు కూడా బయటికొస్తాయి.

మొన్న డిసెంబరులో పక్కింటాయన వాకిట్లో నిలబడి, ముక్కు రెండుసార్లు ఎగబీల్చి, "ఏం సారూ, మేకను గిట్ల కొన్నరా?" అని అడిగాడు. నాకు తల కొట్టేసినట్టయింది. నా భార్యకు ఏమీ కాలేదు.

"మామ వాసన అది. దాని జోలికి పోకు" అంది.

పోకుండా ఉండాల్సింది. ఆమె నాయనను బీపీ చూపించడానికి దవాఖానకు తీసుకుపోయిన రోజు, ఇంట్లో నేను, గొంగడి, వాషింగ్ మిషన్ ముగ్గురమే మిగిలాం. మిషన్ మీద ఉన్ని బట్టలకని ఒక గుర్తు ఉంది. అది పెడితే చల్లనీళ్లతో, మెల్లగా, చంటిపిల్లను ఊపినట్టు ఊపుతుంది. నేను గొంగడి వైపు చూశాను. ఇరవై ఏళ్ల మురికి చంటిపిల్ల ఊపుకు లొంగుతుందా? వేడినీళ్లు పెట్టి, అన్నిటికన్నా పొడుగాటి ఉతుకు మీద తిప్పాను. సబ్బుపొడి రెండింతలు వేశాను. పైన బట్టలకు మల్లెపూల వాసన పట్టించే మందు మూడు మూతలు పోశాను.

మొదటి పది నిమిషాలు మిషన్ ఆలోచించింది. తర్వాత ఏడ్చింది. తర్వాత నడవడం మొదలుపెట్టింది. బాత్‌రూం దగ్గర నుంచి వంటింటి గడప దాకా నడిచొచ్చిన దాన్ని నేను కావలించుకుని ఆపాల్సివచ్చింది. గొట్టంలోంచి వచ్చిన నీళ్లు చూస్తే, దామరచర్ల కరెంటు ప్లాంటు బొగ్గంతా మా ఇంట్లోనే కడుగుతున్నారా అనిపించింది. గంటన్నరకు మూత తీస్తే లోపలున్నది గొంగడి కాదు. తడిసిన పిల్లిలా మెత్తగా, చేతుల్లోంచి జారిపోతోంది. గంజి మొత్తం పోయింది. పొడవు జానెడున్నర తగ్గింది. నూటయాభై గొర్రెలూ స్నానం చేసి, తలలో మల్లెపూలు పెట్టుకుని కూర్చున్నట్టు వాసన.

దవాఖాన నుంచి వచ్చిన నాయన దండెం మీద దాన్ని చూశాడు. దగ్గరికి పోయి వేళ్లతో నలిపాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఎవరిదిది?"

"నీదే నాయినా. ఉతికిన."

"నాది గాదు. నాది నిలవడ్తది. ఇది పండుకున్నది."

అంతే. తిట్టలేదు. తిట్టి ఉంటే నేను ఒక పూట బాధపడి ఊరుకునేవాణ్ని. నా భార్య మాత్రం మామ వాటా కూడా కలిపి తిట్టింది. "రెండు గంటలు గాలే నేను ఆవలికి పోయి. ఇంట్లుండి ఒక్క గొంగడిని కాపాడలేకపోతివి, గొర్లోళ్ల ఇంట్ల ఎట్ల పుట్టినవయ్యా నువ్వు?"

దిద్దుబాటుగా సాయంత్రమే బజారుకు పోయి, ఉన్నవాటిల్లో బరువైన దుప్పటి తెచ్చాను. మెత్తటిది, ఇద్దరు మోయాల్సినంతది. దాని మీద నిలువెత్తు పులి, నోరు తెరుచుకుని. నాయన పులిని చూశాడు, నన్ను చూశాడు.

"గొర్లు కాసినోని మీద పులిని కప్పుతవారా?"

పులిని బోర్లా తిప్పి కప్పుకున్నాడు. అయినా నిద్ర పట్టలేదట. పొద్దున అడిగితే "అది కదులుతున్నది" అన్నాడు. రెండో పొద్దున అదే మాట. మూడో పొద్దున ఎండలో కూర్చున్నా ముఖంలో ఎండ లేదు. కళ్ల కింద వాచింది. రొట్టె సగం వదిలేశాడు. మాత్రను మాత్రం ఏ నాటకమూ ఆడకుండా మింగేశాడు. నాకు భయం వేసింది అప్పుడే.

"అక్కకు ఫోన్ కొట్టు. కోదాడకు పోత" అన్నాడు. "గాడ చలి తక్కువ."

సూర్యాపేటకూ కోదాడకూ మధ్య నలభై ఐదు కిలోమీటర్లు. చలి అంతలోనే తగ్గాలంటే అది దారిలో ఏ దాబా దగ్గరో బస్సు దిగిపోవాలి. ఆ సంగతి ఆయనకూ తెలుసు. ఇన్నేళ్లలో శివరాత్రికి ముందు ఆయన నా గడప దాటింది లేదు. ఆ నాలుగు నెలలూ నూనె రాసేవాణ్ని నేనని, ఏడాదిలో మిగతా ఎనిమిది నెలలు దాని మీదే బతుకుతానని చెప్పుకోవడం నాకు చేతకాదు. ఫోన్ కొట్టాను.

అక్క పెళ్లయి ముప్పై ఏళ్లుగా కోదాడలో ఉంది. ఆమె మాట సగం ఆంధ్రా బార్డర్ దాటిందని నాయన ఎప్పుడూ ఆటపట్టిస్తాడు.

"వేడినీళ్లు పోశావా? గొంగడికా? ఒరేయ్, నీకు చదువెవరు చెప్పార్రా?" అంది. గొంతులో బాధ ఉంది, దాని కింద పండగ ఉంది. "నాయన్ను నేనొచ్చి తీసుకుపోతాలే. చలికాలం కూడా ఇక మా ఇంట్లోనే."

అప్పుడు నా భార్య నాయన కుర్చీ పక్కన కూర్చుని, ఇంట్లో ఎవరికీ తట్టని ప్రశ్న అడిగింది. "మామా, అది మళ్ల బాగు గాదా?"

నాయన దండెం వైపు చూశాడు. "చింతగింజల గంజి పట్టియ్యాలె. తడి మీద సాగదియ్యాలె. రెండెండలు ఎండాలె. అప్పుడు నిలవడ్తె ఉంట. నిలవడకుంటె పోత."

ఇక సూర్యాపేటలో చింతగింజల వేట మొదలైంది. మా ఇంట్లో వాడేది గింజ తీసిన చింతపండు. మార్కెట్టులో ఏడు దుకాణాలు తిరిగాను. ఏడో ఆయన కళ్లజోడు పైకి నెట్టి, "గింజలు వద్దనేటోళ్లనే సూసిన సారూ, గింజలే గావాలెననేటోన్ని ఇయ్యాల సూస్తున్న" అన్నాడు. చివరికి తేలిందేమిటంటే, ఉమ్మడి నల్గొండ జిల్లాలోకెల్లా పెద్ద చింతగింజల నిధి మా అక్క దగ్గరే ఉంది. సాయంత్రాలు వాళ్ల కాలనీ ఆడవాళ్లు వామనగుంటలు ఆడతారు. ఆ గింజలు పెద్ద డబ్బానిండా ఆమె బీరువాలో, నగల పక్కన ఉంటాయి.

అక్కకు ఫోన్ చేసి గింజలు అడిగాను. గింజలిస్తే గొంగడి బాగవుతుంది, గొంగడి బాగైతే నాయన రాడు. "తెస్తాలే" అంది చివరికి. "ఎట్టాగూ నాయన్ను తీసుకెళ్లటానికి రావాలిగా."

ఆదివారం పొద్దున వచ్చింది. ఒక చేతిలో గింజల డబ్బా, ఇంకో చేతిలో నాయన బట్టలకని ఖాళీ సంచి. గింజలు వేయించి పొట్టు తీసి మిక్సీలో వేశాం. మిక్సీ ఒక్క కేక పెట్టి ప్రాణం విడిచింది. ఆ వారంలో నా చేతుల్లో పోయిన రెండో వస్తువు. "అమ్మ ఇసుర్రాయి తెమ్మను" అన్నాడు నాయన. అమ్మ పోయాక ఆ తిరగలి మిర్యాలగూడలో తమ్ముడింట్లో ఉంది. తమ్ముడు దాన్ని కారు వెనక సీట్లో పెట్టి, బెల్టు కట్టి మరీ తీసుకొచ్చాడు.

"ఊరంత రైస్‌మిల్లులు పెట్టుకొని ఇసుర్రాయి మోసుకొస్తున్న అన్నా" అన్నాడు దింపుతూ. "మా వీధోళ్లు ఇల్లు ఖాళీ చేస్తున్ననుకున్నరు."

అక్కా, నా భార్యా మిద్దె మీద ఇసిరారు. పొయ్యి మీద గంజి ఉడికింది, గోధుమరంగులో, చెంచా నిలబడేంత చిక్కగా. నాయన కుర్చీలోంచి లేచాడు. ఎవరి చేయీ పట్టుకోలేదు. కర్రతో గంజి ఎత్తి చూసి "ఇంకిన్ని నీళ్లు" అన్నాడు. నేను తెచ్చిన రంగుల బ్రష్షు చూసి "గోడకేస్తున్నవా?" అన్నాడు. అయినా దాంతోనే, గంజిని బొచ్చు వాలు వెంట మాత్రమే ఎలా లాగాలో చూపించాడు. ఎదురు లాగినప్పుడల్లా కర్ర నా మడమకు తగిలింది.

తర్వాత సాగదీత. నాలుగు మూలలకు నలుగురం. నేను, నా భార్య, అక్క, తమ్ముడు. పట్టుకున్న మరుక్షణం అక్క కోదాడ వైపు, తమ్ముడు మిర్యాలగూడ వైపు, నేను మా పడకగది వైపు గుంజడం మొదలుపెట్టాం.

"అక్కా, మెల్లగ. చినుగుతది!"

"చినిగేదుంటే నువ్వు ఉతికినప్పుడే చినిగేదిలే!"

"వదినా, నువ్వు వదులు. అన్న మీద పడ్తడు."

"ఆగుండ్రి!" నాయన కర్ర నేలకు కొట్టాడు. నలభై ఏళ్ల కింద మఠంపల్లి దిక్కు గుట్టల్లో మందను నిలబెట్టిన కేక అది. నలుగురం గొర్రెల్లా ఆగిపోయాం. "గుంజుడెందుకు? ఊకె పట్టుకొని ఉండుండ్రి. దానంతటదే సాగుతది."

పట్టుకుని నిలబడ్డాం. నా లెక్కన ఒక యుగం, గడియారం లెక్కన పావుగంట. నిజంగానే మా వేళ్ల కింద అది కొంచెం కొంచెంగా కదిలింది. తర్వాత అంచుల మీద ఇటుకలు పెట్టి ఎండబెట్టాం. రెండు రోజులు నాయన దానికి కాపలా. పావురాలు వాలితే కర్ర ఎత్తి "హేయ్" అని అదిలించడం, అది సాగుతోందో లేదో తొంగిచూడడం, రొట్టె మొత్తం తినడం. అక్క కూడా ఆ రెండు రోజులు ఉండిపోయింది, ఖాళీ సంచి మంచం కోడుకు తగిలించి.

మూడో రోజు పొద్దున పరీక్ష. నాయన గొంగడిని ఎత్తి, తల మీద ముసుగేసుకునే కొప్పెరలా మడిచి, గది మూలకు నిలబెట్టి చేయి తీశాడు. నిలబడింది. మేం ఊపిరి వదిలేలోపు మెల్లగా, పెళ్లిపెద్దలకు దండం పెట్టినట్టు వంగింది. అక్క చేయి సంచి మీదికి పోయింది. గొంగడి ఇంకొంచెం వంగి, గోడకు భుజం ఆనించి, అక్కడే ఆగింది. ఎవరం కదల్లేదు. అదీ కదల్లేదు.

"గోడకానుకుందిగా" అంది అక్క.

"నేను గుడ ఆనుకునే నిలవడ్తున్న" అన్నాడు నాయన.

మంచమెక్కి కప్పుకుని చూశాడు. ఎంత సాగినా జానెడు తక్కువే వచ్చింది, పాదాలు బయటే ఉన్నాయి. అక్క వాటిని చూపించింది. నా భార్య బీరువాలోంచి ఉన్ని సాక్సులు తెచ్చింది. మూడేళ్ల కింద కొన్నవి. "కాళ్లకు సంచులెందుకు" అని నాయన అప్పుడు విసిరేసినవి. ఆమె వాటిని ఊరికే పట్టుకుని నిలబడింది. నాయన కాసేపు పైకప్పు చూసి పాదం చాచాడు.

"తొడుగు."

అక్క మంచం మీద కూర్చుంది. "మరి నా గింజలు?"

"అన్ని నా మీదనే ఉన్నయి బిడ్డా, యాడికి పోతయి? శివరాత్రికి వాటిని గుడ తీస్కొనే వస్త." గొంగడిని ముక్కు దగ్గరికి లాక్కుని ఒకసారి వాసన చూశాడు. "ఒక గొర్రె ఇంక పూలు పెట్టుకొనే ఉన్నది" అన్నాడు.

మధ్యాహ్నం బస్సుకు అక్క వెళ్లింది. ఆమె ఖాళీ సంచిలో నా భార్య పులిని పెట్టి పంపింది.

ఇప్పుడు పొద్దున్నే మళ్లీ పద్దెనిమిది మెట్లు. మూడో మెట్టు దగ్గర నాకు దమ్ము వస్తోందని ఆయన ఆగుతాడు. మాత్ర నాలుక చివరికి వస్తుంది, మాటలయ్యాక లోపలికి పోతుంది. అంతా మునుపటిలాగే ఉంది, ఒక్కటి తప్ప. మెట్ల దాకా రావాలంటే వాషింగ్ మిషన్ ముందు నుంచే నడవాలి. అక్కడికి రాగానే ఆయన గొంగడిని మిషన్ వైపు భుజం మీంచి తీసి, అవతలి భుజం మీద వేసుకుంటాడు.