నీళ్ళ అంచున మూడు జతల చెప్పులు

దెయ్యాలంటే నాకు భయం కాదు, విసుగు. ఉండేది అమెరికాలో, షాంటిలీ అనే ఊళ్ళో, చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఎదుటివాళ్ళ తప్పులు పట్టుకోవడమే నా ఉద్యోగం. కాబట్టి ఇది చదివాక నన్ను నమ్మించడానికి ఎవరూ శ్రమపడొద్దు.

మా అమ్మాయి మేఘనకి తొమ్మిదేళ్ళు. దానికి సొరచేప పళ్ళ పిచ్చి. మేరీలాండ్‌లో చెసపీక్ బే ఒడ్డున ఎత్తైన మట్టి చరియలున్నాయి. కోటి ఏళ్ళ పైనాటి పళ్ళు వాటిలోంచి రాలి ఇసుకలో దొరుకుతుంటాయి. మొన్న వేసవి సెలవుల్లో ఒక మంగళవారం, పక్కింటి రజితతో కలిసి ముగ్గురం వెళ్ళాం. వంటింట్లో పిండి జల్లెడ కూడా పట్టుకెళ్ళాను.

జాగ్రత్తలన్నీ ముందే చదివాను. నీళ్ళు వెనక్కి తగ్గే వేళ చూసుకుని వెళ్ళాలి. చరియని తవ్వకూడదు, దాని కింద నిలబడకూడదు. వాన పడిన మర్నాడు అసలు వెళ్ళకూడదు. ముందురోజు వాన పడింది. పెద్ద వాన కాదులే అనుకున్నాను.

చరియ కింద ఒక ఎండు దుంగ ఉంది. ఇసుక అక్కడొక్కచోటే పొడిగా ఉందని, చెప్పులు అక్కడే విడవమన్నాను. గుడి బయట విడిచినట్టు వరుసగా మూడు జతలు. మేఘన దుంగ మీద కూర్చుంటే ఫోటో తీశాను. అందులో చెప్పులున్నాయి, వెనక చరియ ఉంది. టైము పదీ పన్నెండు.

గంటన్నర సేపు నీళ్ళలో జల్లించాం. మేఘనా రజితా నా పక్కనుంచి కదల్లేదు. పదకొండు పళ్ళు దొరికాయి. తిరిగొస్తుంటే గవ్వలు గుచ్చుకుంటున్నాయని మేఘన చెప్పుల కోసం ముందు పరుగెత్తింది. దుంగ వైపు తిరగబోతూ ఆగింది.

"అమ్మా, మన సాండిల్స్ ఇక్కడున్నాయి. నువ్వు మూవ్ చేశావా?"

నీళ్ళ అంచున, దుంగకి ముప్ఫై అడుగుల దూరంలో ఉన్నాయి. మూడు జతలూ అదే వరుసలో, పొడిగా. ఎవరో ఆట పట్టించారని నాకు ఒళ్ళు మండింది. మేఘన అక్కడే కూర్చుని పట్టీ బిగించుకుంటోంది.

అప్పుడు చరియ జారింది. లారీలోంచి బియ్యం బస్తాలన్నీ ఒక్కసారి దొర్లించినట్టు చప్పుడు. చూస్తే దుంగ లేదు. ఆ చోట నాకంటే ఎత్తు మట్టికుప్ప, దాని మీద వేళ్ళతో సహా ఒక చెట్టు. మేఘనని పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. అది నొప్పి అంటే వదిలాను.

తర్వాత చెప్పుల చుట్టూ తడి ఇసుక అంతా చూశాను. మేం అప్పుడే వేసిన అడుగులు తప్ప ఇంకే గుర్తూ లేదు. ఆ పూట ఒడ్డున మేం కాక ఉన్నది ఒక ముసలి జంట. వాళ్ళు మాకు అవతలివైపు, మా కళ్ళెదుటే ఉన్నారు.

కార్‌లో రజిత అంది, "మీ పెద్దలెవరో జరిపిండ్రక్కా. గుడికి పోయి కొబ్బరికాయ కొట్టు."

"కొట్టను" అన్నాను.

నీళ్ళు తెచ్చాయా అంటే చెప్పులు తడవలేదు. గాలి అంటే, గాలి జతలు పేర్చదు. దేవుడంటారా? అంత శ్రద్ధ ఉన్నవాడు ముందురోజు వానే ఆపి ఉండొచ్చు. ఇలా మాట్లాడుతున్నానని తెలిసినవాళ్ళకి కోపం. ఉండనివ్వండి. అర్థంకాని దానికి ఒక పేరు పెట్టి, కొబ్బరికాయ కొట్టి చేతులు దులుపుకోవడం నా వల్ల కాదు. అలా చేస్తే నా తప్పు కూడా అందులో కొట్టుకుపోతుంది.

మొన్న మేఘన మళ్ళీ అడిగింది, ఎవరు మూవ్ చేశారని. తెలియదని చెప్పాను. ఆ ఫోటో ఎన్నిసార్లు చూసినా తెలియడం లేదు.

అక్కడ విడవమన్నది మాత్రం నేనే. అదీ చెప్పాను.