చర్చి గంట ఇనుమును చక్‌లో పట్టిన రోజు

పాలకుర్తిలో మా అన్నా నేనూ కలిసి లేత్ షాపు నడుపుతాం. అప్పటిదాకా నా చేతికి వచ్చినవన్నీ గుండ్రటి పనులే. మోటారు షాఫ్టులు, ట్రాక్టరు పిన్నులు. వాటిని లేత్‌లో ముక్కను పట్టి తిప్పే మూడు దవడల చక్‌లో పెట్టి బిగిస్తే వాటంతటవే మధ్యకొస్తాయి.

కిందటేడు వానాకాలంలో నర్సింహులపేట నుంచి ఒకావిడ గోనెసంచిలో పోత ఇనుప ముక్క ఒకటి తెచ్చింది. వాళ్ల చర్చి గంటను మోసే ముక్క. మోచెయ్యి వంచినట్టు ఒకవైపు పొడుగ్గా సాగి ఉంది. రెండో కొసన గంట ఇరుసు తిరిగే రంధ్రం అరిగి కోడిగుడ్డులా అయింది. ఇరుసునూ వెంట తెచ్చింది.

"ఇరుసు ఇరుక్కపోతాంది తమ్మీ. తాడు గుంజితే గంట కదుల్తలేదు. రెండు షాపులల్ల అడిగిన, మాతోని కాదన్నరు," అంది.

అన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "రంధ్రం పెద్దగ చేసి లోపలికి ఇత్తడి బుష్, అంటే గొట్టం ముక్క, కొడితే అయితది. దీన్ని పట్టుకునుడే కష్టం. కూసో అక్కా, చూస్తం."

ఇంత వంకర ముక్క లేత్ మీద ఎలా తిరుగుతుందో చూడాలని నాకు ఒకటే ఆత్రం. చున్నీ తీసి గోడకు తగిలించాను. మెయిన్ స్విచ్ ఆపి నాలుగు దవడల చక్ ఎక్కించాం. అందులో ఏ దవడకా దవడ విడిగా కదులుతుంది. దవడలకూ ఇనుముకూ మధ్య రాగి రేకు ముక్కలు పెట్టి, ఎదురెదురు దవడల్ని కొద్దికొద్దిగా బిగించాం. రంధ్రం బయటి అంచు మాత్రం అరగకుండా గుండ్రంగానే మిగిలింది. దాని పక్కన సూదిమొన నిలబెట్టి, గేరులోనే ఉంచి చక్‌ను కొద్దికొద్దిగా తిప్పుతూ, మొనకూ అంచుకూ మధ్య సందు చుట్టూ ఒకేలా వచ్చేదాకా సర్దాం.

నేను మెయిన్ వైపు కదిలాను.

"ఆగు చెల్లె. ముందుగాల చేత్తోని తిప్పు. ఏడన్న తాకుతదేమో."

న్యూట్రల్‌లో పెట్టి తిప్పాను. ఎక్కడా తాకలేదు. చెయ్యి తీయగానే చక్ తనంతట తనే వెనక్కి ఊగి, పొడుగు కొస కిందికొచ్చి ఆగింది. పైకి తిప్పి వదిలితే మళ్లీ అంతే.

"అన్నా, ఏడ ఇడిసినా కిందికే వస్తుందేంది?"

"బరువంత ఒక్క దిక్కే ఉన్నది. గిట్లనే నడిపితే మిషిని ఎగురుతది. ముక్క ఊడి మీదికొస్తది."

"మరి ఎదురుంగ ఇంత బరువు కడితే?"

అన్న ఒక్క క్షణం నా మొహం చూసి, పాత గేరు ఒకటి వెతికి తెచ్చాడు. చక్ ముఖం మీది గాడిలో దాన్ని బోల్టుతో బిగించాం. ఊగడం తగ్గింది గానీ ఆగలేదు. వాషర్లు ఒక్కోటీ కలుపుతూ వదిలి చూశాను. చివరికి చక్ ఎక్కడ వదిలితే అక్కడే నిలిచింది. నాకు నవ్వొచ్చింది.

దవడలన్నీ మళ్లీ బిగించి, బిగించే తాళంచెవిని చక్‌లోంచి తీసేసి, ఆమెను దూరంగా కూర్చోబెట్టి, అన్నిటికన్నా తక్కువ స్పీడులో నడిపాం. మిషన్ నెమ్మదిగా, అదురు లేకుండా తిరిగింది. మధ్యమధ్య ఆపి బిగువు చూసుకుంటూ రంధ్రాన్ని పలచగా కోశాం. బుష్ కొట్టాక ఇరుసు వేలితో తోస్తే చాలు, తిరిగింది.

ఆ సాయంత్రం షాపులోని వంకర ముక్కలు ఒక్కోటీ చక్‌లో పట్టి, ఏది ఎటు పడుతుందో చూస్తూ కూర్చున్నాను.

"మెయిన్ ఆపే ఉన్నదా? అయితే ఆడుకో," అన్నాడు అన్న.

ఆదివారం పొద్దున ఆమె ఫోన్ చేసింది. "ఇనుండ్రి," అని ఫోన్ దూరంగా పట్టింది. గంట నిండుగా మోగింది. అన్న ఫోన్ నా చేతిలోంచి లాక్కుని, "అక్కా, ఇంకొక్కసారి గుంజుమను," అన్నాడు.