ట్రాలీ నుంచి దింపించిన రేకులు

ఈ రోజు ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు పక్కింటివాళ్లు పాత సిమెంటు రేకును కట్టర్ మిషన్‌తో కోయించడం మొదలుపెట్టారు. ముందు ఆ గీరుకుపోయే చప్పుడు వినిపించింది. తరువాత మా వంటింటి కిటికీ గట్టు మీద తెల్లటి పొడి వాలింది. తడిగుడ్డతో తుడిచి, బయటికి వెళ్లి మిషన్ ఆపమన్నాను. "సిమెంటే గదమ్మా, ఏమైతది" అన్నాడు కోసే మనిషి. అందులో ఆస్బెస్టాస్ నార ఉంటుందని, ఊపిరితిత్తుల్లో దిగబడితే అది బయటికి రాదని చెప్పి, అతను ఆపేదాకా అక్కడే నిలబడ్డాను. అలా నిలబడడం నాకు అంజయ్య సార్ దగ్గర అలవాటైంది. ఆయన పోయిన చలికాలంలో చనిపోయారు.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను కోస్గి దగ్గరి ఒక పత్తి మిల్లులో స్టోరు చూసే పనికి చేరాను. అంజయ్య సార్ అక్కడ ఫోర్‌మన్. మొదటి రోజు స్టోరు ఊడ్వబోతే వచ్చి చీపురు మీద కాలు పెట్టారు.

"ఊడ్వకు బిడ్డా. పైన రేకులు పెచ్చులూడుతున్నయ్. ఊడిస్తె పొడి లేస్తది. తడిబట్టతోని తుడువు."

"రోజూ ఊడుస్తున్నరట గద సార్."

"అవ్. రోజూ మింగుతున్నరు."

వయసులో ఉన్నప్పుడు ఆయన పట్నంలో రేకులు తయారుచేసే కార్ఖానాలో పనిచేశారు. ఆస్బెస్టాస్ నార నింపిన సంచులు కోసి యంత్రంలో కుమ్మరించడం ఆయన పని. సాయంత్రానికి పిండిగిర్నీలో పనిచేసినవాడిలా తెల్లగా అయ్యి, ఆ బట్టలతోనే గదికి పోయేవారట. ఆ గదిలో పక్కన పడుకునే స్నేహితుడు ఆయనకన్నా చాలా ముందే, ఊపిరాడక పోయాడు. నేను చూసేనాటికి అంజయ్య సార్ స్టోరు మెట్లు ఒక్క ఊపున ఎక్కలేకపోయేవారు. మధ్యలో ఆగి, గోడలో ఏదో లోపం వెతుకుతున్నట్టు నిలబడేవారు. అలసిపోయానని మాత్రం ఎన్నడూ అనలేదు.

ఒక ఎండాకాలం మిల్లు పైకప్పు మార్చాలనుకున్నారు. పాత రేకులను సుత్తెతో పగలగొట్టి కిందికి విసరడం మా వైపు పద్ధతి. అంజయ్య సార్ ఒప్పుకోలేదు. రేకు తడపాలి, నట్లు విప్పాలి, పలగకుండా తాళ్లతో దించాలి, మందపాటి ప్లాస్టిక్‌లో చుట్టాలి. ముక్కుకు తువ్వాలు చాలదు, అసలైన మాస్కు ఉండాలి. పని బట్టలు మిల్లులోనే విప్పి పోవాలి. కూలీలు నవ్వారు.

"రేకును దించుతున్నమా సార్, పెండ్లిపిల్లను దించుతున్నమా?"

"పెండ్లిపిల్ల కిందవడితె లేస్తది. ఇది పలిగితె మనం లేవం."

మేనేజరుకు నవ్వు రాలేదు. "రెండు దినాల పని సాగదీస్తున్నవ్ అంజయ్యా" అన్నాడు. "సాగనీ సార్. సుత్తె కనవడితె నిచ్చెన తీసేస్త" అన్నారు ఈయన.

అసలు గొడవ రేకులు దిగాక వచ్చింది. మా దగ్గర విప్పిన పాత రేకు అడిగినవాళ్లకు ఊరికే పోతుంది. పలగనిది గొర్ల కొట్టం మీదికెక్కుతుంది. పలిగిన ముక్కలను నలగ్గొట్టి, వానలకు గొర్ల గిట్టలు బురదలో నానకుండా కొట్టంలో పరుస్తారు. అంజయ్య సార్ వాళ్లది గొర్లు కాసే కుటుంబమే. ఆయన అక్క నర్సమ్మ కిరాయి ట్రాక్టర్ తీసుకుని వచ్చింది. చెత్త పూడ్చే చోటికి పంపే లారీ ఖర్చు తప్పుతుందని మేనేజరు సంతోషంగా ఎక్కించుకొమ్మన్నాడు. సగం ట్రాలీ నిండాక అంజయ్య సార్ వచ్చి ట్రాక్టర్ ముందు నిలబడ్డారు.

"దించుండ్రి."

"నేను తమ్మీ. నీ అక్కను" అంది నర్సమ్మ.

"చూస్తనే ఉన్న. దించుండ్రి."

"వానలు దగ్గరవడ్డయ్. నా గొర్లు తడిసి సస్తె తెచ్చి నీ ఇంటిముందల పడేస్త."

"పడెయ్యక్కా. గొర్లను మళ్ల తెచ్చుకోవచ్చు. నీ మనుమరాలు ఆ కొట్టంలనే ఆడుకుంటది."

"మిల్లు సేటుకు కాపలా కుక్కవైనవ్" అని ఆమె మట్టిలో ఉమ్మింది. ఆయన కదలలేదు. రేకులన్నీ దిగాక ఖాళీ ట్రాలీతో ఆమె వెళ్లిపోయింది. ఆయన ఆ సాయంత్రమే టార్పాలిన్ పంపిస్తే తిప్పి పంపింది. మరుసటి పత్తి సీజన్ అయిపోగానే మేనేజరు ఆయనను ఇక రావద్దన్నాడు. ఆ రోజు స్టోరు తాళాలు నాకిస్తూ, "అడిగితె ఇయ్యకపోవుడు గూడ పనే బిడ్డా" అన్నారు.

ఆయన దవాఖానలో, ఆక్సిజన్ మీద పోయారు. ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయని పట్నం డాక్టరు చెప్పాడు. బీడీలు తాగి ఉంటాడని ఊళ్లో అంటారు. ఆయన బీడీ ముట్టలేదు. ఆ మాట అన్నవాళ్లందరికీ నేను ఈ జవాబే చెబుతున్నాను, ఇకముందు కూడా చెబుతాను. శవం దగ్గర ఎవరో "మొండోడు, సొంత అక్కకే నాలుగు పాత రేకులియ్యలే" అన్నారు. తల దగ్గర కూర్చున్న నర్సమ్మ తలెత్తింది.

"ఇయ్యలే. నాకిప్పటికీ కోపమే. నా కోపం నాకుంటది, మీకెందుకు?"

మొండోడన్న మాటను నేనూ సరిదిద్దను. మంచివాడనిపించుకోవడానికి ఆయన ఏ పనీ చేయలేదు.

ఇప్పుడు ఆ మిల్లు యార్డు నా చేతిలో ఉంది. మొన్నటి ఎండాకాలం వెనుక షెడ్డు విప్పించాము. రేకుల కోసం వచ్చినవాళ్లు, ఇవ్వనంటే, "ఆడమనిషికి ఇంత పొగరా" అని నా ముందే అన్నారు. అననిచ్చాను. చుట్టిన రేకులు లారీలో, ఇలాంటి చెత్తను పూడ్చే చోటికి వెళ్లాయి. మా మిల్లులో విప్పిన పాత రేకును ఇప్పుడు ఎవరికీ ఇవ్వడం లేదు.