మా అత్త చెప్పిన రేటు

రేటు తగ్గిస్తున్నామని మెయిల్ వచ్చిన పూట నేను డయాలిసిస్ సెంటర్లో ఉన్నాను. మా ఆయన మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీ, ఒళ్ళో లాప్‌టాప్, అదే నా ఆఫీసు. గంటకు పదహైదు నూర్లు ఇస్తా ఉన్నవాళ్ళు వచ్చే నెల నుంచి తొమ్మిది నూర్లే ఇస్తారంట. కారణం మార్కెట్ పరిస్థితులంట. ఆరేళ్ళుగా వాళ్ళ సాఫ్ట్‌వేర్ పడిపోయినప్పుడల్లా ఆదివారమని, పండగని చూడకుండా లేపి నిలబెట్టినదాన్ని, నాకు రెండు లైన్ల మెయిలు! ఒళ్ళు మండిపోయింది. మా ఆయన చేతికి గొట్టాలతో కళ్ళు మూసుకొని పడుకొని ఉన్నాడు కాబట్టి నోరు నొక్కుకున్నాను.

నేను కాంట్రాక్టు మనిషిని. బెంగళూరులో ఒక ఏజెన్సీ, దాని వెనకాల ఎక్కడో ఫారిన్‌లో ఒక కంపెనీ, ఆ కంపెనీ బిల్లులు వేసే ప్రోగ్రామును నేను తమిళనాడులో, కోయంబత్తూరు పక్కన సూలూరులో మా ఇంట్లో కూర్చొని బాగుచేస్తాను. చేసిన గంటలకు డబ్బు, చెయ్యని గంటకు సున్నా. నెలకు అరవై గంటలు దొరికితే ఎక్కువ. లీవు లేదు, ఇన్సూరెన్సు లేదు. ఇంట్లో తినేవాళ్ళం మా ఆయన, మా అత్త, నేను, బడికి పోయే మా పిల్లది. ముందు మా ఆయనకు ఎనిమిది పవర్‌లూమ్ మగ్గాలుండేవి. కిడ్నీలు చెడిపోయినాక మగ్గాలు పాత ఇనుము కింద పోయినాయి, వాటి మీద తెచ్చిన అప్పు మాత్రం మిగిలింది. ఆయనకు వారానికి మూడు తూర్లు డయాలిసిస్. ఒక నెల ఖర్చుకు జడిసి వారానికి రెండే చేయించినాము. ఊపిరితిత్తుల్లో నీళ్ళు చేరి, కూర్చోనే నిద్రపోయినాడు పదిరోజులు. మూడు మళ్ళా రెండు కాకూడదు. ఆ మెయిల్ చూసిన నిమిషం నుంచి నా తలలో ఇంకో మాట లేదు.

తెలిసినవాళ్ళను అడిగినాను. అందరూ పండితులే! నీ విలువేందో వాళ్ళకు చూపించు అన్నారు. రెండో క్లయింటును పట్టుకో అన్నారు. రేటు తగ్గిస్తే పనీ తగ్గిస్తానని రాసిపెట్టు అన్నారు. అన్నీ మంచి మాటలే, చేతిలో ఆరు నెలల తిండి ఉన్నవాళ్ళకు. మా ఆయన ఒక్కడే పనికొచ్చే మాట చెప్పినాడు. "మాకు కూలి తగ్గించినప్పుడు ఒక్కడు పోయి అడిగితే తరిమేసేవాళ్ళు. ఊళ్ళో మగ్గాలన్నీ ఆపితేనే కూర్చొని మాట్లాడినారు. నీతో పని చేసేవాళ్ళు ఎంతమంది?"

ముగ్గురం. ఒకామె ఫోనే ఎత్తలేదు. ఇంకొకతను మదురైలో ఉంటాడు, మాలాగే ఇంట్లో తెలుగు మాట్లాడే వ్యాపారస్తుల ఇంటి పిల్లోడు, కింద గాజుల అంగడి, పైన అతని కంప్యూటరు. నన్ను అక్కా అంటాడు. "ఇద్దరం కలిసి కాదందాం తమ్ముడూ" అన్నాను. "అక్కా, నేను మొన్ననే సంతకం పెట్టేసినాను. తొమ్మిది నూర్లకే. పాప పుట్టింది కదా" అన్నాడు. తిట్టాలనిపించింది. ఏమని తిట్టేది? నేనయినా అదే చేసేదాన్ని కదా! పాప పేరు ఏం పెట్టినారని అడిగి ఫోన్ పెట్టేసినాను.

ఇక మిగిలింది మా అత్త. ఆమె మా ఆయన తల్లి, డెబ్బై దాటింది, రెండేళ్ళ కిందట గుండెకు స్టెంట్ వేసినారు. పుట్టింది దిండిగల్ దగ్గర ఒట్టన్‌చత్రంలో, వాళ్ళ నాయనకు కూరగాయల మండీ. ఆ కాలంలో మండీలో ధర నోటితో చెప్పేవాళ్ళు కాదంట. అమ్మేవాడూ కొనేవాడూ తుండుగుడ్డ కింద చేతులు కలిపి, వేళ్ళు నొక్కి మాట్లాడుకునేవాళ్ళు. చుట్టూ నిలబడ్డవాళ్ళకు ఏం తెలిసేది కాదు. మా అత్త పావడ కట్టే వయసుకే ఆ వేళ్ళ లెక్క నేర్చింది. బేరంలో ఆమెను గెలిచినవాణ్ణి నేను చూడలేదు.

అంగళ్ళలో మాత్రం ఆమెకు తుండుగుడ్డ అక్కర్లేదు, తెలుగే చాలు. కోయంబత్తూరులో చీరల అంగడికి పోతే అంగడివాడితో తమిళంలో కొట్లాడేది, మధ్యలో నా వైపు తిరిగి, వాడి ముఖం ముందరే, "ఎనిమిది నూర్లకు దిగుతాడు చూడమ్మిణీ, లేచినట్టు చెయ్యి" అనేది. నన్ను ముద్దుగా అమ్మిణీ అనే పిలుస్తుంది. గొంతు కూడా తగ్గించదు. తమిళ దేశంలో పుట్టి పెరిగిన మా తెలుగు ఇళ్ళలో అందరమూ అంతే. వందల ఏళ్ళుగా ఈ భాషను ఎందుకు విడవలేదంటే పెద్దవాళ్ళు ఏవేవో గొప్పలు చెప్తారు. నాకైతే బేరానికి పనికొచ్చిందనే విడవలేదనిపిస్తుంది.

ఏజెన్సీలో రేట్లు చూసే మేనేజరు కొత్తాయన. ఎప్పుడూ ఇంగ్లీషే, కెమెరా ఆన్ చెయ్యడు, పేరు కింద రెండక్షరాలు తప్ప ఏమీ కనపడవు. ఎవడో ఉత్తరాది మనిషి అనుకున్నాను. మాట్లాడదామని నాలుగు మెయిళ్ళు పెడితే ఒక శుక్రవారం పగలు టైమిచ్చినాడు. అది డయాలిసిస్ రోజు. సెంటర్ వరండాలో కూర్చున్నాను, పక్కన మా అత్త, హెడ్‌ఫోన్ పాడై ఫోన్ స్పీకర్లో ఉంది. పదమూడు నూర్లకు తగ్గకూడదని గట్టిగా అనుకొని వచ్చినాను. ఆయన తొమ్మిదే అన్నాడు. నేను చేసిన పనులన్నీ చెప్పినాను. తొమ్మిదే అన్నాడు. పదమూడన్నాను. "అయితే మీ కాంట్రాక్టు ముగించడం గురించి ఆలోచించాల్సి వస్తుంది" అన్నాడు ఇంగ్లీషులో.

మా అత్త వైపు తిరిగినాను, చీరల అంగడిలో తిరిగినట్టే. "అత్తా, పని పోయేటట్టుంది. ఏం చెప్పేది?"

మా అత్త కూడా అంగడిలో చెప్పినట్టే చెప్పింది. "విడవొద్దమ్మిణీ. వెయ్యి రూపాయలుంటే చాలు, నేను లెక్క వేసినా. వాడి మూడు తూర్లకూ సరిపోతుంది. వెయ్యికి ఒప్పేసుకో."

ఫోన్లో ఆయన ఇంగ్లీషులోనే, చాలా మర్యాదగా, "మీ కోసం వెయ్యి వరకు రాగలను, అంతకన్నా ఒక్క రూపాయి కూడా కుదరదు" అన్నాడు. సరే అన్నాను. అనకుండా ఏం చేసేది? పెట్టేసే ముందు ఆ మనిషి, "మీ అత్తగారిని ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోమనండి" అన్నాడు. తేట తెలుగు. ఆంధ్రా వైపు తెలుగు.

మా అత్తా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. ముందర కుర్చీల్లో ఎవరెవరో తమిళంలో మాట్లాడుకుంటా ఉన్నారు. లోకంలో తెలుగువాళ్ళు కోట్లమంది ఉన్నారని నాకు తెలియదా? తెలుసు. మా ఇంట్లో, మా వీధిలో తప్ప ఎవరికీ ఇది అర్థం కాదనే నమ్మకం కూడా అలాగే ఉండిపోయింది. ఛీ, ఎంత బుద్ధి తక్కువ పని!

ఆ కోపమంతా మా అత్త మీదికే పోయింది. వెయ్యి అని ఆమె నోరు జారకపోతే పదకొండో పన్నెండో పడేది కదా అని రెండు నెలలు రగిలినాను. ఎదురుగా అనేసినాను కూడా. "మండీలో పుట్టినదానివి, ధర బయటికి చెప్తావా?" ఆమె కూరగాయలు తరుగుతా ఉంది, తల ఎత్తలేదు. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నా నోరు నేనే చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది. వెయ్యితో ఇల్లు ఎట్లో నడిచింది. మూడు తూర్లు మూడుగానే ఉన్నాయి. అందుకోసం ఎక్కువ గంటలు అడిగి తీసుకొని, పొద్దున ఐదింటికి లేచి చేసినాను, వేళ్ళు వాచినాయి. మా అత్త మెట్లెక్కి మధ్యలో నిలబడి ఆయాసపడితే, వయసు కదా అనుకున్నాను.

ఒకరోజు మా ఆయనకు ఇంజెక్షన్ కోసం మందుల అంగడికి నేనే పోయినాను. మామూలుగా ఆ పని మా అత్తది. అంగడతను సంచి ఇస్తా, "అవ్వ రెండు నెలలుగా రావడం లేదే, ఊళ్ళో లేదా?" అన్నాడు. మా అత్త గుండె మాత్రలు రెండు నెలలుగా ఎవరూ కొనలేదన్నాడు. వేరే అంగడిలో కొంటా ఉందేమో అన్నాను. అతను తల అడ్డంగా ఊపినాడు. "కడపటి తూరి వచ్చినప్పుడు ఒక్కో మాత్ర ఎంతవుతుందని అడిగి, లెక్క వేసుకొని, వద్దని పోయింది" అన్నాడు తమిళంలో.

ఇంటికి ఎట్లా వచ్చినానో తెలియదు. మా అత్త పెట్టె తెరిచినాను. స్టెంట్ మాత్రల ఖాళీ రేకులు మడతపెట్టిన చీర కింద ఉన్నాయి, మేము అడిగితే చూపించడానికి దాచిపెట్టుకున్నట్టుంది. ఆమె వాకిట్లో బట్టలు ఆరేస్తా ఉంది.

"అత్తా, వెయ్యి చాలు అన్నావే, ఆ లెక్కలో ఏమేమి వేసినావు?"

"అన్నీ వేసినా. వాడి మూడు తూర్లు, ఇంజెక్షను, పాలు, బియ్యం, మగ్గాల అప్పు, పిల్లదాని ఫీజు..."

"నీ మాత్రలు?"

ఆమె తడి చీర దులిపి దండెం మీద వేసింది. "నాకేంలే కన్నూ, నేను బానే ఉండాను కదా" అనింది.

అక్కడే మెట్టు మీద కూర్చొని ఏడ్చినాను. నేను ఇన్నాళ్ళు కోప్పడింది రేటు బయట పెట్టిందని. ఆమె బయట పెట్టిన రేటులో ఆమే లేదు.

మరుసటి దినమే మేనేజరుకు ఫోన్ చేసినాను. మళ్ళా వరండానే, మళ్ళా మా అత్త పక్కనే, నన్ను ఒంటరిగా వదలనంటుంది. ఈసారి ఆమె నోరు తెరవలేదు. కొంగు నా చేతి మీద కప్పి, కింద నా వేళ్ళు పట్టుకుంది, వాళ్ళ నాయన మండీలో పట్టుకున్నట్టు. నేను తెలుగులోనే మొదలుపెట్టినాను. మా తెలుగు ఆయనకు ఎట్లా వినపడిందో ఏమో, అడ్డం రాలేదు. పన్నెండు నూర్లా యాభై అన్నాను, ఆదివారం పిలిస్తే రేటు వేరే అన్నాను. ఆయన కూడా తెలుగులోకే దిగినాడు. "మహా అయితే వెయ్యిన్నీ యాభై చేయగలనండీ" అన్నాడు.

కొంగు కింద మా అత్త నా వేళ్ళు గట్టిగా నొక్కింది. ఒప్పుకో అని.

నేను చెయ్యి లాక్కున్నాను.

"చాలదండీ. ఆరోజు మీరు విన్నారు కదా వెయ్యి అని, అది తప్పు లెక్క. చెప్పినామె తనను వేసుకోకుండా చెప్పింది. ఆమె గుండె మాత్రలు మానేసి రెండు నెలలయింది. మీరు కూడా ఆరోగ్యం చూసుకోమన్నారు."

ఆ పక్క ఎవరో తలుపు వేసిన చప్పుడు వినిపించింది. "మెయిల్ పెట్టండి, నేను పైన అడుగుతాను" అన్నాడు ఇంగ్లీషులో.

మెయిల్ పెట్టి పదకొండు రోజులయింది. జవాబు లేదు. పని తీసేస్తారో, ఇస్తారో తెలియదు. మెయిల్ శబ్దం వస్తే పొయ్యి మీది గిన్నె వదిలేసి పరిగెత్తుతాను. ఈ నెల మాత్రలకు నా చెవి కమ్మలు పోయినాయి. వచ్చే నెలకు చెవుల్లో ఏమీ లేదు. మదురై తమ్ముడు మాత్రం నిన్న వాడే ఫోన్ చేసినాడు. నువ్వు నిలబడితే నేనూ ఒక మెయిల్ పెడతానక్కా అన్నాడు. పెట్టినాడో లేదో ఇంకా చెప్పలేదు.

రోజూ పొద్దున మా అత్త అరచేతిలో మాత్ర నేనే పెడతాను. నీళ్ళ లోటా పట్టుకొని ఎదురుగా నిలబడతాను, మింగినాక చిన్నపిల్లనడిగినట్టు నోరు తెరవమంటాను. తెరుస్తుంది. తెరిచి, మూసి, ప్రతిరోజూ అదే అడుగుతుంది. "ఒక మాత్ర ఎంత పడుతుందమ్మిణీ ఇప్పుడు?"

చెప్పను. చెప్తే మళ్ళా లెక్క వేస్తుంది.